తాడు మడత పడిన చోటు

దీవెనక్క పోయాక పెట్టిన ఆదరణ కూడికకు ఆళ్లగడ్డ పోయినప్పుడు, పాస్టరు ప్రార్థన ముగించి అందరూ భోజనాలకు కూర్చున్నాక, చెయ్యి కడుక్కుందామని నేను వెనక వాకిలికి పోయాను. తలుపు గాలికి కొట్టుకోకుండా దానికొక నల్లరాయి ఆనించి ఉంది. పైన చేతికి పట్టు దొరికేంత సన్నం, కింద గుమ్మడికాయంత లావు. వంగి దాని నెత్తిన చెయ్యి పెట్టాను. నా కంటికి ఇప్పుడు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి గానీ చేతికి మరుపు రాలేదు. అది మా జేజి రుబ్బురోలు గుండు. నేను అత్తగారింటికి నంద్యాల పోయేదాకా నా పొద్దులన్నీ ఆ రాయి చుట్టూనే తెల్లారాయి.

దీవెనక్క మా పెద్దనాయన కూతురు, నాకంటే కాస్త పెద్దది. ఇల్లటపల్లుణ్ణి తెచ్చుకుని పుట్టింట్లోనే బతికి, పుట్టింట్లోనే కన్నుమూసింది. ఆమె కొడుకు సామేలు ప్లేట్లు సర్దుతుంటే పిలిచి అడిగాను.

"సామేలూ, దీని రోలు యాడుందిరా?"

"ఏం రోలు చిన్నమ్మా?"

"ఈ గుండు తిరిగిన రోలురా. రెండిండ్ల నడిమి వాకిట్లో నాటి ఉండేది."

"నాకు తెల్వదు. మట్టి తోలిచ్చినప్పుడు కింద పడిపొయ్యింటాది. అమ్మ మాత్రం ఈ గుండును యాడికీ పోనిచ్చేది కాదు. ఒగసారి గోడకవతల పారేద్దామంటే నన్నే పారేస్తానన్నెది."

అంతటితో ఊరుకోకుండా అతను ఇంకో మాట చెప్పాడు. పాత ఇండ్లు రెండూ పడగొడుతున్నాడట. కొత్త ఇల్లు వెనక్కి జరిపి కట్టి, ముందున్న వాకిలంతా బండ్లు తిరిగేటట్టు కాంక్రీటు పోయిస్తాడట. మేస్త్రి శిరివెళ్ల నుంచి వచ్చే వారం వస్తాడట. అన్నం నోట్లోకి పోలేదు నాకు. పారేయడం ఇష్టం లేక ఆకులో కట్టుకుని నంద్యాల తెచ్చుకుని తిన్నాను గానీ, ఆ పూట అక్కడ ఒక్క మెతుకు దిగలేదు.

ఆ రోలు కోసం ఇంత ఆరాటం ఎందుకో చెప్పాలంటే మా జేజిని గురించి చెప్పాలి. మా నాయనను కన్న తల్లి. ఆమె నవ్వగా నేను చూసినట్టు గుర్తులేదు. తెల్లవారుజామున లేచి ముందు పొయ్యిలో నిన్నటి బూడిదను వేళ్లతో కెలికి, కాలకుండా మిగిలిన బొగ్గు ముక్కలు ఏరి పక్కన పెట్టేది. చీపురు అరిగిపోతే దాన్ని పొట్టిగా కట్టి కోళ్ల గంప కింద ఊడవడానికి వాడేది. అది కూడా అరిగితే పొయ్యిలోకి. దీపం ఉన్న చోటుకు పని తెచ్చుకోవాలి గానీ పని ఉన్న చోటుకు దీపం తేకూడదనేది. బడికి నేను మూడో తరగతి దాకే పోయాను. ఆ తర్వాత పలక మా జేజి తీసుకుని, చద్దికుండ మీద మూత చేసింది. ఈ రాత ఆదివారం బడిలో నేర్చుకున్నది. మా కోడలు ఇప్పుడు నన్ను చూసి, "అత్తా, మీ జేజి మన ఇంట్లోనే ఉండాది" అంటుంది. మిక్సీ గిన్నె కడిగిన నీళ్లు పులుసులో పోస్తాను నేను. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే నాకు ఒళ్లు మండుతుంది. అందులో తప్పేముంది.

ఆ రోలును మా తాత ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కేవాళ్ల దగ్గరుండి చెక్కించి, ఎద్దులబండి మీద తెచ్చి జేజికి ఇచ్చాడట. ఆమెకు ఆయన ఇచ్చిన వస్తువు ఇంకేదీ ఉన్నట్టు లేదు. పెద్దనాయన, నాయన వేరుపడిన రోజు ఇంట్లో ఉన్నవన్నీ రెండు కుప్పలు పడ్డాయి. చేను, కుండలు, దుప్పట్లు, కోళ్లు. ఎద్దులు మా భాగానికి, బండి వాళ్ల భాగానికి వచ్చాయి. రోలు దగ్గర వచ్చింది పేచీ. అమ్మకు కావాలి, పెద్దమ్మకూ కావాలి. జేజి నడుము మీద చేతులు పెట్టుకుని ఇద్దరు కోడళ్లనూ చూసింది.

"పగలగొట్టిస్తా. సగం నువ్వు తీస్కో, సగం నువ్వు తీస్కో. సగం రోట్లో ఏం రుబ్బుకుంటారో రుబ్బుకోండి."

ఇద్దరూ తలలు దించుకున్నారు. అప్పుడు జేజి బావిలో నీళ్లు చేదే తాడు తెప్పించింది. మా గడప నుంచి పెద్దమ్మ గడప దాకా పరిపించింది. రెండు కొసలూ ఒకచోటికి తెచ్చి తాడును మడిచి, మడత పడిన చోట ఎర్ర గుడ్డపేలిక కట్టించింది. మళ్లీ తాడు పరిచి, పేలిక పడిన చోట గుంత తవ్వించి రోలు నాటించింది. "ఇది మీ ఇద్దరికీ నడిమధ్య. ఒకరికి ఎక్కువ ల్యా, ఒకరికి తక్కువ ల్యా. పొద్దన నువ్వు, మాపటేల నువ్వు. ఇంక నా చెవిన రోలు మాట పడగూడదు" అంది. నేనూ దీవెనక్కా పక్కనే నిలబడి చూశాం. మా ఇద్దరికీ అది పండగలాగుంది. ఇండ్లు వేరైనాయని ఏడ్చిన కండ్లు ఇంకా ఆరలేదు గానీ, మధ్యలో రోలొకటి మిగిలింది కదా.

పెద్దవాళ్లు వంతులు వేసుకున్నారు గానీ వంతులకు రుబ్బేది ఎవరు? మేమే. మా వంతుకు దీవెనక్క వచ్చేది, వాళ్ల వంతుకు నేను పోయేదాన్ని. ఆమె పొడుగు, బలం. గుండు తిప్పేది. నేను ఎదురుగా కూర్చుని, గుండు అవతలికి పోయిన రవ్వంత సేపట్లో పిండిని వేళ్లతో లోపలికి తోసేదాన్ని. ఇది చెప్పినంత తేలిక కాదు. తిప్పేవాళ్ల చేతుల్లో తోసేవాళ్ల వేళ్లు ఉంటాయి. ఊపిరి కలవాలి. తడిసిన రాయి వాసన, నానిన మినుముల వాసన, వెనక నుంచి ఎద్దుల ఒంటి వెచ్చదనం, అవి గాడిలో చొప్ప నములుతున్న చప్పుడు. జొన్నరొట్టెల్లోకి ఊరిమిండి పచ్చడి నూరితే పచ్చిమిరప ఘాటుకు ఇద్దరికీ ముక్కులు కారేవి. క్రిస్మస్‌కు ఓళిగల పూర్ణం రుబ్బేటప్పుడు జేజి దూరంగా కూర్చుని మమ్మల్ని ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండమనేది. నోళ్లు ఆగాయంటే పూర్ణం పోతున్నట్టు లెక్క. దీవెనక్క అందుకే మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మధ్యలో నాకు కన్ను కొట్టేది. ఆ మాట నేను అందుకుని సాగదీస్తే, ఆమె నోట్లో పూర్ణం కరిగిపోయేది. తర్వాత నా వంతు. అన్నేండ్లలో ఒక్కసారి కూడా నా వేలు నలగలేదు.

జేజి పోయింది. ఆమె పోయిన తర్వాత, వానలు మొహం చాటేసిన ఏడు, నాయన ఎద్దులను బనగానపల్లె మనిషికి అమ్మేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే పెద్దమ్మ తన గడప మీద నిలబడి, చేతిలో నానిన పప్పు గిన్నెతో, వాకిలి మొత్తానికీ వినబడేటట్టు అంది.

"సూడండప్పా, రోలు యాడుందో సూడండి. ఆయమ్మ ఇంట్లోంచి చెయ్యి జాపితే అందుతాది. మేం మాత్రం పక్కూరికి పొయ్యొచ్చినట్ల నడుస్తాండాం."

అమ్మ బయటికి వచ్చింది. "అత్త తాడేసి కొల్సి పెట్టింది గదక్కా. అందరూ సూసినారు గదా."

"అత్త పెట్టినప్పుడు మధ్యలోనే ఉన్నెది. ఇప్పుడు ల్యా."

"అంటే ఏందీ? నేను జరిపినానా?"

"నువ్వు జరపకపోతే దానికి కాళ్లొచ్చినాయా?"

నాటిన రోలు. నలుగురు మగవాళ్లు గడ్డపారలు వేస్తే గానీ కదలదు. అయినా ఆ మాట నిలబడింది, ఎందుకంటే చూసిన కంటికి రోలు నిజంగానే మా వైపు ఉన్నట్టుండేది. నేను కూడా చూశాను. అమ్మ కూడా చూసి ఉంటుంది. చూసి, లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుంది. ఆ మరుసటి సంతకు పెద్దమ్మ తన గడప పక్కనే వేరే చిన్న రోలు వేయించుకుంది. దీవెనక్క అక్కడ ఒక్కతే రుబ్బుకునేది, నేను ఇక్కడ ఒక్కదాన్నే. ఒంటి చేత్తో తిప్పుతూ ఒంటి చేత్తో తోయడం నాకు ఎంతకీ కుదిరేది కాదు. మొదటి రోజే బొటనవేలు నలిగింది. తల ఎత్తి చూస్తే ఆమె అక్కడి నుంచి నన్నే చూస్తోంది. పెద్దమ్మ గడపలో ఉంది, కాబట్టి ఇద్దరం మళ్లీ తలలు దించుకున్నాం.

అమ్మ ఆ మాట మోసుకునే పోయింది. పెద్దగా ఏడ్చింది లేదు. ఎప్పుడన్నా మాటల్లో రోలు ప్రస్తావన వస్తే, "నేను జరపల్యా" అని మెల్లగా అనేది, ఎవరూ అడగకపోయినా. పెద్దమ్మ కూడా పోయింది. మా ఇల్లు ఖాళీ పడింది. రోడ్డు ఎత్తు పెరిగి వాకిట్లో వాన నీళ్లు నిలుస్తుంటే సామేలు మట్టి తోలించాడు. నేనూ దీవెనక్కా మాత్రం ముసలివాళ్లమయ్యాక ఆ తగవును ఆటగా చేసుకున్నాం. ఫోను చేస్తే కుశలాలు అయిపోయాక ఆమె చివర్లో ఒక దెబ్బ వేసేది.

"ఎంతైనా మీయమ్మ జరిపింది లేమే."

"మీయమ్మ కండ్లకు మసకలు."

"మా అమ్మ కండ్లు గద్ద కండ్లు. నువ్వొచ్చి తవ్వి సూపీ, నేను ఒప్పుకుంటా."

"వస్తా. ఎండలు తగ్గనీ, వస్తా."

ఆమె ఆడిన ఆటే అది, నాకు తెలుసు. అయినా ప్రతిసారీ ఫోను పెట్టేశాక అమ్మ గొంతు వినబడేది నాకు. ఎండలు తగ్గాయి, మళ్లీ వచ్చాయి, మళ్లీ తగ్గాయి. ఇప్పుడు ఒప్పుకునే మనిషి లేదు. రోలన్నా దొరక్కుండానే దాని మీద కాంక్రీటు పడిపోతే, ఆ మాట అట్లనే సిమెంటు కింద గట్టిపడిపోతుంది.

నంద్యాలలో మా మనవరాలు కీర్తన పదో తరగతి. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన రెండో రోజు సాయంత్రం అది గళ్ల కాగితం మీద గీత గీసి, అంకెలు వేసి, నోట్లో ఏదో గొణుక్కుంటోంది. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగాను.

"ఏం చేస్తాండావే?"

"మధ్యబిందువు కనుక్కుంటాండా అవ్వా. గీతకు రెండు కొసలుంటాయి గదా, సరిగ్గా నడిమధ్యన ఏ చోటొస్తాదో కనుక్కోవాల."

నా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "దానికి ఇంత రాతెందుకు? కాగితం మడువు. కొసకు కొస కలిపితే మడత పడిన చోటే నడిమధ్య."

"మడిస్తే పరీక్షలో మార్కులియ్యరవ్వా" అని నవ్వింది. "ఇట్ల సూడు. ఈ మూల సున్నా. ఈడ్నించి ఒక్కో కొస అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం అని రెండంకెలు. అడ్డం అంకెలు రెండూ కూడి సగం చెయ్యాల. నిలువు అంకెలు రెండూ కూడి సగం చెయ్యాల. అంతే. ఆ రెండు సగాలు యాడ కలుస్తాయో అదే మధ్య."

"రెండూ కూడేదెందుకు, సగం చేసేదెందుకు?"

అది పెన్ను కొరికింది. అంతలో నాకే తోచింది. ఇద్దరక్కచెల్లెండ్లు ఎవరి జొన్నలు వాళ్లు తెచ్చి ఒకే కుప్పగా పోసి, చెరిసగం తీసుకున్నట్టు. ఎక్కువ ఉన్నామె కొంచెం దిగుతుంది, తక్కువ ఉన్నామె కొంచెం ఎక్కుతుంది, ఇద్దరూ ఒకచోట నిలుస్తారు. అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి. ఆ మాట చెబితే, "అవ్వా, మా సారు కంటే నువ్వే నయం" అంది. ఎగతాళికే అన్నదిలే. నేను చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపాను.

"ఆ కొలతల టేపు మీ నాయన పెట్టెలో ఉండాది గదా, రేపు ఆదివారం ఆళ్లగడ్డ పోదాం. ఈ లెక్క నాకు నేల మీద చేసిపెట్టాల నువ్వు."

మా అబ్బాయి కారు మాట్లాడతానన్నాడు. ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సు ఉండగా కారెందుకు? గుడికి తెల్లవారి ఆరాధనకే పోయి, అట్నుంచి అటే బస్సెక్కాం. శిరివెళ్ల దాటాక కీర్తన కిటికీ మీద తల పెట్టి నిద్రపోయింది. దాని వయసులో నేను ఈ దారిన ఎదురు దిక్కుకు వచ్చాను, కొత్త చీరలో, ఒళ్లో పెట్టె పెట్టుకుని. బస్సు కదిలేటప్పుడు దీవెనక్క కిటికీ దగ్గర నిలబడి నా వేళ్లు పట్టుకుంది. వేళ్లు ఒక్కోటి లెక్కపెట్టినట్టు తడిమి వదిలింది.

మేం పోయేసరికి మేస్త్రి చెప్పినదానికంటే ముందే దిగిపోయి ఉన్నాడు. ఇండ్ల ముందు గోడలు పడిపోయాయి. మా గడప రాయి, పెద్దమ్మ గడప రాయి మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మూలన కంకర, ఇసుక. కీర్తన టేపు పట్టుకుని తిరుగుతుంటే మేస్త్రి నడుముకు తువ్వాలు బిగించుకుంటూ సామేలును అడిగాడు.

"ఏందప్పా, సర్వేకొచ్చినారా?"

"మా చిన్నమ్మ. రోలు కోసరం ఎతుకుతాండాది."

"రోలుకా? అవ్వా, ఆళ్లగడ్డలో నిలబడి రోలెతుక్కుంటాండావ్. ఈదిలో పొయ్యి చిటికేస్తే పది చెక్కిస్తారు గదా."

"ఆ పదిట్లో మా జేజి రోలుంటే చెప్పు, చిటికేస్తా. లేకుంటే గమ్మునుండు" అన్నాను. గడ్డపార తెచ్చిచ్చాడు పాపం, మంచివాడే.

ప్రహరీ రెండు గోడలు కలిసే మూలను కీర్తన సున్నా అనుకుంది. అక్కడి నుంచి మా గడప అడ్డంగా నాలుగడుగులు, నిలువుగా పది. పెద్దమ్మ గడప అడ్డంగా ముప్పై రెండు, నిలువుగా ఇరవై రెండు. అడ్డాలు రెండూ కూడితే ముప్పై ఆరు, సగం పద్దెనిమిది. నిలువులు కూడితే ముప్పై రెండు, సగం పదహారు. అది పద్దెనిమిది అడుగులు అడ్డంగా పోయి, పదహారు అడుగులు లోపలికి నడిచి, అక్కడొక ఇటుక పెట్టింది. అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ఇటుక సరిగ్గా నడిమధ్య ఉంది. టేపుతో రెండు గడపలకూ కొలిచి కూడా చూపించింది. వెంట్రుకవాసి తేడా లేదు. నాకు గుండె నిండిపోయింది. 'అమ్మా, ఇంకాసేపు' అనుకున్నాను.

తవ్వారు. మూరెడు మట్టి తీశాక పాత వాకిలి గట్టినేల తగిలింది. ఇంకా తవ్వారు. ఎర్రమట్టి, అంతే. చుట్టూ బారెడు మేర గడ్డపారతో పొడిచి చూశారు. ఎక్కడా రాయి మోగలేదు. కీర్తన లెక్క మళ్లీ చేసింది, మళ్లీ కొలిచింది. లెక్కలో తప్పు లేదు. సామేలు నా పక్కకొచ్చి, నా మొహం చూడకుండా అన్నాడు.

"పోనీలే చిన్నమ్మా. మా అవ్వ చెప్పిందే నిజమేమో. జరిపితే మాత్రం ఏమాయ? అందరూ పొయ్యినారు గదా."

అంత మెత్తగా అన్న మాట అంత కోస్తుందని అనుకోలేదు. పెద్దమ్మ అరిచినప్పుడు కూడా నేను నమ్మలేదు. ఇప్పుడు ఇటుక పెట్టి, కొలిచి, తవ్వి చూపించాక నమ్మక ఏం చేయను? అమ్మ గొంతు నా చెవిలో మళ్లీ అంది, మెల్లగా. నేను పోయి మా గడప రాయి మీద కూర్చున్నాను. ఎండ ఎక్కువైంది. ఎదురుగా దండేనికి దీవెనక్క చీర ఒకటి ఇంకా ఆరేసే ఉంది. తీసే మనసు రాలేదేమో ఎవరికీ. ఆకుపచ్చ చీర. గాలికి లేచి పడుతోంది. దండెం ఒక కొస ప్రహరీ మేకుకు, ఇంకో కొస ఒక పొట్టి రాతి గుంజకు కట్టి ఉంది. ఆ గుంజ నడుము దగ్గర నున్నగా అరిగి ఉంది. చీరలు ఆరేసే తాడుకు రాయి అంతగా అరగదు.

అది ఎద్దులు కట్టేసే గుంజ. దాని పక్కనే కదా గాడి ఉండేది. బండలు నిలబెట్టి కట్టిన పొడవాటి గాడి, ఒక కొస ప్రహరీకి ఆని, ఇంకో కొస ఈ గుంజ దగ్గర ఆగేది. మా గడప దిగితే ఎదురుగా గాడి, దాని ముందు రెండు ఎద్దులు. సూటిగా పోవడానికి దారే లేదు. రోలు దగ్గరికి పోవాలంటే అమ్మ ఈ గుంజ దాకా పోయి, చుట్టి, అవతలికి తిరగాలి. జేజి తాడు పరిపించిన రోజు పెద్దనాయన ఇక్కడే నిలబడ్డాడు, తాడును గుంజకు ఆనించి పట్టుకుని. ఎద్దు ఆయన భుజం నాకుతుంటే తోస్తున్నాడు. దీవెనక్క నవ్వింది. ఆ నవ్వు కూడా వినబడింది నాకు. జేజి గాలిలో కొలవలేదు. కోడళ్లు నడిచే దారిని కొలిచింది.

"కీర్తనా, ఆ ఇటుకను వదిలెయ్. సామేలూ, మీయమ్మ చీర తీసి నాకియ్యి. ఆ దండెం విప్పు."

మా గడప నుంచి గుంజ దాకా, గుంజను చుట్టి పెద్దమ్మ గడప దాకా తాడు పరిచాం. చాలకపోతే మేస్త్రి తన లైను దారం ముడివేశాడు. కొసలు రెండూ కలిపి మడిచాం. మడత దగ్గర నా చేతిరుమాలు కట్టాను. తాడు మళ్లీ పరిచాం. రుమాలు పడిన చోటు ఇటుకకు తొమ్మిదడుగుల అవతల ఉంది. మేస్త్రి ఈసారి తనే గడ్డపార అందుకున్నాడు. మూడో పోటుకు మోగింది.

రోలు నోట్లో మట్టి గట్టిపడి ఉంది. కీర్తన వేళ్లతో పెకలించింది. నేను నీళ్లు పోశాను. నల్లగా, నున్నగా, లోపల మెరుస్తూ వచ్చింది. మా తాత చెక్కించిన రాయి. కీర్తన టేపు పట్టుకుని రెండు గడపలకూ సూటిగా కొలిచి, కాగితం మీద రాసుకుని, మెల్లగా అంది.

"అవ్వా, సూటిగా సూస్తే మీ గడపకు పదహారడుగులు, వాళ్ల గడపకు పందొమ్మిది. మీ పెద్దమ్మ చెప్పింది కరెక్టే, మీకే దగ్గర. కానీ నువ్వు చెప్పిన ఆ గాడి ఉన్నప్పుడు చుట్టి నడిస్తే మీకూ పందొమ్మిదే. మీ అమ్మ జరపల్యా."

ఎద్దులు పోయాక నాయన గాడి బండలు తీసి జలకాలాడే చోట పరిచాడు. అమ్మకు సూటి దారి పడింది. ఆ రోజు నుంచే పెద్దమ్మ కంటికి రోలు జరిగింది. ఇద్దరూ చూసింది చూసినట్టే చెప్పారు. గాడి పోయాక మరోసారి తాడు వేయడానికి జేజి లేదు. అడ్డం ఒకటి తీసేస్తే మధ్య మారిపోతుందని ఆ వాకిట్లో ఎవరికీ తోచలేదు, నాతో సహా.

"దీన్ని తీసి యాడ పెట్టాల చిన్నమ్మా?" అన్నాడు సామేలు. "నాకూ కావాల, నీకూ కావాల. శిరివెళ్లలో నాటుదామా, ఇద్దరికీ నడిమధ్యన?"

"నీ వాకిట్లోనే ఉండనీ. నా ఇంట్లో మూడో అంతస్తులో యాడ నాటుకోవాల? కాంక్రీటు దీని చుట్టూ పోయించు, మూతి మీద పడకుండా. నీ బండి కొంచెం చుట్టి తిరుగుతాది, అంతేగదా."

అతను మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి తల ఊపాడు.

నంద్యాలలో మా అపార్టుమెంటులో ప్రతి ఇంటికీ ఒక మిక్సీ. పొద్దున అన్నీ ఒకేసారి గీపెడతాయి, ఒక్క నిమిషంలో ఆగిపోతాయి. నడిచి ఎవరి దగ్గరికీ పోయే పనిలేదు. నాకు సుఖంగానే ఉంది, కాదనను. ఆ ఒంగుళ్లూ ఆ నడుము నొప్పులూ మళ్లీ రావాలని ఎవరు కోరుకుంటారు? అయినా మధ్యలో ఉండాల్సిందేదో లేనట్టుంటుంది. ఇంటికీ ఇంటికీ నడుమ గోడ ఉంది గానీ, ఇద్దరూ నడిచి వచ్చి కూర్చునే చోటు లేదు.

రోలు చుట్టూ కూర్చునేంత మేర మట్టి తీశాక, సామేలు భార్య నానిన మినుములు గుప్పెడు తెచ్చింది. గుండును వెనక వాకిలి నుంచి కీర్తన దొర్లించుకుంటూ తెచ్చింది. రోట్లో దింపగానే అది తన చోటు తను వెతుక్కుని కూర్చుంది. "నువ్వు తిప్పు, నేను తోస్తా" అన్నాను. కీర్తన మా గడప వైపు కూర్చుంది, నేను ఎప్పుడూ కూర్చునే చోట. ఇంక నాకు మిగిలింది అటు వైపే. దీవెనక్క చోటు. పుట్టి బుద్ధెరిగాక అటు వైపు నేను ఎన్నడూ కూర్చోలేదు. పెద్దమ్మ గడపకు వీపు పెట్టి కూర్చుని తల ఎత్తాను.

మా గడప కండ్ల ముందే ఉంది. చెయ్యి జాపితే అందేటట్టుంది. నా వీపు వెనక పెద్దమ్మ గడప ఎంతో దూరంగా ఉన్నట్టనిపించింది. దీవెనక్క రోజూ చూసింది ఇదే.

"అవ్వా, నాకు బయమేస్తాండాది. నీ ఏళ్లు నలుగుతాయి."

"నలగవు. ఏదో ఒకటి మాట్లాడతా తిప్పు" అన్నాను, పిండిలోకి వేళ్లు పెడుతూ.